వెల్డింగ్ మిషన్‌కీ ఓ 'బుర్ర'.. ఏ లోహానికి ఏది పనిచేస్తుంది? తెనాలి, బాపట్ల, రేపల్లె షెడ్లలో తెలుసుకోవాల్సిన సంగతులు ఇవే..

తెనాలి అనగానే చాలామందికి విగ్రహాలు గుర్తొస్తాయి. ఊరూరా సెంటర్లలో నిలబడే నాయకుల విగ్రహాల్లో చాలావాటికి పుట్టిల్లు ఈ ఊరే. అందులోనూ సూర్య శిల్పశాల పేరు దేశమంతా మారుమోగింది. శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర కలిసి 2021లో పాత నట్లు, బోల్టుల లాంటి ఇనుప తుక్కుతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం తయారు చేశారు. అంతకుముందు వేలకొద్దీ నట్లతో గాంధీజీ విగ్రహం కూడా చేశారు.

చూసినవాళ్లంతా ముఖం ఎంత బాగా కుదిరిందో అన్నారు. కానీ వెల్డింగ్ తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న వేరు. తుక్కు కుప్పలో ఉండేదంతా ఒకే ఇనుము కాదు కదా, మరి అవన్నీ ఎలా అతికాయి?

అసలు కథ ఇక్కడే ఉంది. బోల్టు ఒక రకం ఉక్కు. బేరింగు ఇంకో రకం, అందులో కార్బన్ దాదాపు 1 శాతం ఉంటుంది. లారీ కమాను పట్టీ మరో రకం. మధ్యలో ఎక్కడో స్టెయిన్‌లెస్ ముక్క దొరుకుతుంది, జింకు పూత పూసిన పైపు ముక్క తగులుతుంది. కంటికి అన్నీ ఇనుమే! ఆర్క్ తగిలాక మాత్రం ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. ఒకటి బుద్ధిగా కరుగుతుంది, ఒకటి చల్లారాక టక్కుమని పగులుతుంది, ఇంకోటి తెల్లటి పొగ కక్కుతుంది.

విగ్రహం మీద ఒక అతుకు ఊడితే మళ్లీ వేసుకోవచ్చు. నిజాంపట్నం హార్బర్ నుంచి వేటకు వెళ్లిన బోటుకి నడిసముద్రంలో చుక్కాని బ్రాకెట్ ఊడితే? రేపల్లె పక్కన రొయ్యల చెరువులో అర్ధరాత్రి ఏరేటర్ షాఫ్టు విరిగితే? నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంట మొత్తం తేలిపోతుంది. అందుకే వెల్డింగ్ మిషన్లలో ఈమధ్య బాగా వినిపిస్తున్న 'ఆర్క్ కంట్రోల్' అనే మాట గురించి కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది. షెడ్డు నడిపేవాళ్లకే కాదు, పని చేయించుకునేవాళ్లకి కూడా.

పాత మిషన్ ఏం చేసేది?

ముందు ఆర్క్ అంటే ఏంటో చూద్దాం. రాడ్డుకీ ఇనుముకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీలో కరెంటు దూకుతుంది. అక్కడి గాలి, ఆవిరి వేడెక్కి మెరుపులా వెలుగుతాయి. ఉష్ణోగ్రత 6 వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ వేడి ముందు ఏదీ నిలవదు. కరగడం సమస్య కాదన్నమాట. ఎంత కరగాలి, ఎక్కడ ఆగాలి అన్నదే సమస్య.

మన ఊళ్లలో దశాబ్దాల పాటు నడిచింది ట్రాన్స్‌ఫార్మర్ మిషన్. ఇద్దరు మోసినా కదలని ఆ బరువైన పెట్టె, పక్కన చక్రం. చక్రం తిప్పితే కరెంటు పెరిగేది, తగ్గేది. అంతే! ఆ తర్వాత మిషన్ చేయగలిగింది ఏమీ లేదు. చేయి కాస్త వణికి రాడ్డు దగ్గరైతే అతుక్కుపోయేది, దూరమైతే ఆర్క్ ఆరిపోయేది. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ ఏసీ. అంటే సెకనుకి 100 సార్లు సున్నాకి వచ్చి మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ ఆర్క్ ఆరి, మళ్లీ వెలగాల్సిందే. కన్ను గుర్తుపట్టదు కానీ, చెవికి ఆ 'గుర్ర్' మనే శబ్దం తెలుస్తుంది. పాత మేస్త్రీలు ఆ శబ్దం వినే కరెంటు సరిపోయిందో లేదో చెప్పేవాళ్లు. ఇప్పటికీ చెబుతారు.

ఒకరకంగా అప్పట్లో ఆర్క్ కంట్రోల్ అంటే మేస్త్రీ చేయే.

ఇన్వర్టర్ వచ్చాక ఏం మారింది?

ఇన్వర్టర్ మిషన్ లోపల జరిగేది ఇదీ. గోడ నుంచి వచ్చే ఏసీని ముందు డీసీగా మారుస్తుంది. ఆ డీసీని ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో సెకనుకి వేలు, పదివేల సార్లు ఆపుతూ వదులుతూ కోస్తుంది. అంత వేగంతో నడిచే కరెంటుకి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, చిన్నది చాలు. అందుకే మిషన్ భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కేంత తేలికైపోయింది.

బరువు తగ్గడం పైకి కనిపించే లాభం. అసలు లాభం వేరే ఉంది. అంత వేగంగా స్విచ్చులు నడుస్తున్నాయి కాబట్టి, ఆర్క్‌లో కరెంటు, వోల్టేజీ ఎలా ఉన్నాయో మిషన్ క్షణక్షణం చూసుకుంటూ, తేడా వచ్చిన వెంటనే సరిచేయగలదు. మనిషి కన్నార్పేలోపు వందల సార్లు! మిషన్ మీద రాసి ఉండే మూడు పేర్లు దీని గురించే.

మొదటిది హాట్ స్టార్ట్. రాడ్డు గీయగానే ఇనుము ఇంకా చల్లగా ఉంటుంది, ఆర్క్ పట్టదు. అందుకని మొదటి అర క్షణం మిషన్ మనం పెట్టిన దానికంటే ఎక్కువ కరెంటు ఇస్తుంది. పట్టుకోగానే తగ్గిస్తుంది. రెండోది ఆర్క్ ఫోర్స్. రాడ్డు మరీ దగ్గరైతే ఆర్క్ పొట్టిదై వోల్టేజీ పడిపోతుంది, కరిగిన చుక్క రెండింటి మధ్యా వంతెనలా నిలిచి రాడ్డు అంటుకునే ప్రమాదం ఉంటుంది. వోల్టేజీ పడిందని తెలియగానే మిషన్ కరెంటు పెంచి ఆ చుక్కను తోసేస్తుంది. మూడోది యాంటీ స్టిక్. ఎంత చేసినా రాడ్డు అతుక్కుపోయిందా, కరెంటు దాదాపు ఆపేస్తుంది. రాడ్డు ఎర్రగా కాలిపోకముందే ఊడదీసుకోవచ్చు.

ఆర్క్ ఫోర్స్ నాబ్ ఉన్న మిషన్ కొని, దాన్ని ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు చాలామంది ఉంటారు. పల్చటి రేకు మీద అది ఎక్కువ పెడితే బొక్క పడుతుంది. మందపాటి ప్లేటు మీద, పైకి ఎక్కే అతుకు వేసేటప్పుడు తక్కువ పెడితే రాడ్డు తడబడుతుంది. నాబ్ ఉన్నది తిప్పడానికే!

మామూలు ఇనుము.. అందరికీ తెలిసిందే, కానీ..

గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు.. తెనాలి, బాపట్ల షెడ్లలో ఎక్కువ పని మైల్డ్ స్టీల్‌దే. దీనికి 6013 రాడ్డు చాలు. 12 నంబర్ రాడ్డుకి 60 నుంచి 90 ఆంపియర్లు, 10 నంబర్‌కి 90 నుంచి 130 వరకు పెట్టడం మామూలు లెక్క. రాడ్డు పాకెట్ మీదే కంపెనీ అచ్చువేసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

తేడా వచ్చేది 7018 రాడ్డు దగ్గర. బలం కావాల్సిన చోట, అంటే ట్రాలీ హుక్కు, లిఫ్టింగ్ కొక్కెం, బోటు బ్రాకెట్ లాంటివాటికి అదే వాడాలి. అది డీసీ మీద హాయిగా నడుస్తుంది, పాత ఏసీ మిషన్ మీద సతాయిస్తుంది. అందుకే చాలా షెడ్లలో అన్నిటికీ 6013తోనే లాగించేవాళ్లు. ఇన్వర్టర్ వచ్చాక ఆ సాకు పోయింది. అయితే 7018 రాడ్డు తేమ పీల్చుకుంటే పనికిరాదు. తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరి, చల్లారిన కొన్ని గంటలకి, ఒక్కోసారి మర్నాటికి లోపల పగులు తెస్తుంది. సూర్యలంక వైపు నుంచి వీచే గాలిలో పాకెట్ విప్పి పడేసిన రాడ్డు సంగతి చెప్పక్కర్లేదు. 300 డిగ్రీలకి పైన ఓవెన్‌లో కాల్చి వాడమని కంపెనీలు చెబుతాయి. దీన్ని ఏ ఆర్క్ కంట్రోలూ సరిచేయలేదు.

స్టెయిన్‌లెస్ స్టీల్.. వేడి ఎక్కువైతే తుప్పే

రొయ్యల చెరువుల ఏరేటర్లలో, బోట్లలో, పాల డెయిరీల్లో కనిపించేది ఇదే. వడ్లమూడి సంగం డెయిరీ లాంటి చోట్ల ట్యాంకులు, పైపులన్నీ స్టెయిన్‌లెస్‌వే. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ క్రోమియమే. గాలి తగలగానే అది పైన కంటికి కనపడని పొర కడుతుంది.

ఇక్కడే చిక్కు. స్టెయిన్‌లెస్ వేడిని తొందరగా వదలదు. మామూలు ఇనుముతో పోలిస్తే మూడో వంతు వేగంతోనే వేడి దాని గుండా పారుతుంది. వ్యాకోచం మాత్రం ఒకటిన్నర రెట్లు. అందుకే అతుకు పక్కన రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే లోపలి కార్బన్ వెళ్లి క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. అతుకుని ఆనుకుని ఉన్న చోట క్రోమియం కొరత వస్తుంది. ఉప్పునీళ్లు తగలగానే సరిగ్గా అక్కడే తుప్పు మొదలు. 'స్టెయిన్‌లెస్ అని చెప్పి ఇనుము అంటగట్టాడు' అని షాపువాడిని తిట్టుకునే కేసుల్లో కొన్ని నిజానికి వెల్డింగ్ వేడి చేసిన పని.

వేడి ఎంత పోస్తున్నామో లెక్క వేయొచ్చు. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చవేసి, చేయి కదిలే వేగంతో భాగించడమే. 25 వోల్టులు, 100 ఆంపియర్లు, నిమిషానికి 150 మిల్లీమీటర్ల వేగం అయితే మిల్లీమీటరుకి 1,000 జౌళ్లు. అదే వేగంతో 22 వోల్టులు, 70 ఆంపియర్లతో చేస్తే 616 జౌళ్లే. దాదాపు 40 శాతం తక్కువ!

కానీ కరెంటు మరీ తగ్గిస్తే ఆర్క్ నిలవదు, అతుకు లోపలికి దిగదు. ఈ ఇరకాటానికి జవాబే పల్స్. టిగ్ మిషన్‌లో కరెంటు ఒక క్షణం పైకి లేచి లోహాన్ని కరిగిస్తుంది, మరుక్షణం కిందికి దిగి చల్లారనిస్తుంది. ఆర్క్ ఆరదు, సగటు వేడి తగ్గుతుంది. పల్చటి స్టెయిన్‌లెస్ పైపు మీద చేపపొలుసుల్లా వరుసగా కనిపించే అతుకులు ఇలా వచ్చేవే. చేయి తిరిగిన మేస్త్రీ పల్స్ లేకుండా కూడా వేయగలడు, అది వేరే సంగతి.

రాడ్డు ఎంపిక మర్చిపోతే ఇదంతా వృథా. 304కి 308ఎల్ రాడ్డు. ఉప్పునీటి కోసం వాడే 316కి 316ఎల్ రాడ్డు. స్టెయిన్‌లెస్‌ని మామూలు ఇనుముతో కలపాలంటే 309ఎల్. షాఫ్టు స్టెయిన్‌లెస్, అతుకు 6013.. చెరువు గట్టు మీద అర్జెంటు పనుల్లో ఈ జోడీ మామూలే. ఆ రాత్రికి గండం గట్టెక్కుతుంది. ఎక్కువ రోజులు మాత్రం నమ్మకూడదు. వీలు చిక్కగానే ఆ అతుకు గ్రైండ్ చేసేసి సరైన రాడ్డుతో మళ్లీ వేయించుకోవాలి.

సత్తు సంగతి పూర్తిగా వేరు

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మరి తేలికే కదా అనుకుంటాం. కాదు. దాని పైన గాలికి ఏర్పడే ఆక్సైడ్ పొర కరగాలంటే 2 వేల డిగ్రీలు దాటాలి. లోపల నీళ్లలా కరిగిపోయినా పైన చర్మం అలాగే ఉంటుంది. ఇంకాస్త వేడి పెడితే ఒక్కసారిగా కింద జారిపోతుంది. దానికితోడు ఇది వేడిని ఇనుము కంటే నాలుగైదు రెట్లు వేగంగా లాగేస్తుంది.

ఇక్కడ డీసీ ఇన్వర్టర్ చాలదు, ఏసీ టిగ్ కావాలి. రాడ్డు వైపు ప్లస్ ఉన్న అర చక్రంలో ఆర్క్ ఆ పొరను చీల్చి శుభ్రం చేస్తుంది. మైనస్ ఉన్న అర చక్రంలో వేడి లోహంలోకి దిగుతుంది. పాత మిషన్లలో ఈ రెండూ సగం సగం. కొత్తవాటిలో ఏసీ బ్యాలెన్స్ అనే నాబ్‌తో వేడి వాటాని 65, 70 శాతానికి పెంచుకోవచ్చు. టంగ్‌స్టన్ మొన కరిగి ముద్ద కట్టడం తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీని 50 నుంచి 100 హెర్ట్జ్ పైకి పెంచితే ఆర్క్ సన్నగా, సూదిలా మారుతుంది. మూల అతుకులకి అది వరం. స్వచ్ఛమైన ఆర్గాన్ గ్యాస్ మాత్రం తప్పనిసరి. ఫ్యాను గాలికి గ్యాస్ చెదిరిందంటే అతుకంతా నల్లటి బొగ్గులా వస్తుంది.

బీడు, జింకు పైపు.. మిషన్ చేతిలో లేనివి

రైస్ మిల్లుల్లో, పప్పు మిల్లుల్లో పాత గేర్ల బాడీలు, పుల్లీలు చాలావరకు పోత ఇనుము. మన మెకానిక్కుల మాటలో బీడు. ఇందులో కార్బన్ 2 నుంచి 4 శాతం ఉంటుంది. వెల్డింగ్ చేశాక త్వరగా చల్లారితే గాజులా పెళుసైపోతుంది. ఆర్క్ కంట్రోల్ వల్ల తక్కువ కరెంటులో కూడా ఆర్క్ నిలుస్తుంది, అంతవరకు మేలే. మిగతాదంతా ఓపిక. నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం చొప్పున వేయాలి, వేడిగా ఉండగానే సుత్తితో మెల్లగా తట్టాలి, చేయి పెడితే ఆనేంత చల్లారాక తర్వాతి అంగుళం వేయాలి. చివర్లో బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పిపెట్టి నెమ్మదిగా చల్లార్చే పాత పద్ధతికి ఇంకా తిరుగులేదు.

జింకు పూత పైపుల విషయానికి వస్తే, సముద్రం దగ్గర ఊళ్లలో జీఐ పైపులు ఎక్కువే వాడతారు. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఇనుము కరిగేలోపే ఆ ఆవిరి అతుకులో బుడగలు పెడుతుంది. తెల్లటి పొగ పీల్చినవాళ్లకి ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. మిషన్ ఎంత ఖరీదైనదైనా ముందు అతుకు చుట్టూ పూత గీకేయాల్సిందే, తర్వాత జింకు పెయింట్ వేయాల్సిందే.

ఫ్యాక్టరీల్లో ఎక్కడిదాకా వెళ్లింది?

మిగ్ వెల్డింగ్‌లో వైరు కరిగిన లోహాన్ని తాకుతూ విడిపోతూ ఉంటుంది. విడిపోయే క్షణంలో కరెంటు ఎక్కువగా ఉంటే చుక్క పేలి రవ్వలు చిమ్ముతాయి. అమెరికాకి చెందిన లింకన్ ఎలక్ట్రిక్ కంపెనీ 1990ల్లో తెచ్చిన ఎస్‌టీటీ పద్ధతిలో, చుక్క విడిపోబోతోందని మిషన్ ముందే పసిగట్టి కరెంటు తగ్గించేస్తుంది. ఆస్ట్రియా కంపెనీ ఫ్రోనియస్ ఇంకో అడుగు ముందుకేసింది. సీఎంటీ అనే దాని పద్ధతిలో వైరునే మోటారు వెనక్కి లాగుతుంది. చుక్క మెల్లగా దిగి కూర్చుంటుంది. ఉక్కునీ అల్యూమినియాన్నీ కలపడం లాంటి కష్టమైన పనులు కూడా దీంతో చేస్తున్నారు. మన షెడ్లకి ఇవి ఇప్పట్లో అక్కర్లేదు, ధర కూడా అందదు.

కొనేముందు ఇవి చూసుకోండి

మిషన్ మీద 200 ఆంపియర్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో డ్యూటీ సైకిల్ ఉంటుంది. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆ కరెంటు ఇవ్వగలదు, నాలుగు నిమిషాలు చల్లారాలి. అది కూడా సాధారణంగా 40 డిగ్రీల ఎండని లెక్కలోకి తీసుకుని చెప్పేది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎంత ఉంటుందో మనకి తెలుసు.

రెండోది వోల్టేజీ. పల్లెల్లో 230 వోల్టులు ఉండాల్సిన చోట సాయంత్రానికి పడిపోవడం మామూలే. మంచి ఇన్వర్టర్ కొంతవరకు తట్టుకుంటుంది. దానికి సన్నటి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు తగిలిస్తే మాత్రం ఉన్నది కూడా వైరులోనే పోతుంది. ఎర్త్ క్లాంపుని పెయింట్ మీద, తుప్పు మీద బిగించి 'మిషన్ బాలేదు' అనేవాళ్లూ ఉన్నారు.

మూడోది ఉప్పుగాలి. ఇన్వర్టర్ లోపలి బోర్డుకి తేమ, ఉప్పు, గ్రైండింగ్ ఇనుప పొడి.. మూడూ శత్రువులే. ఫ్యాను ఆ పొడిని లోపలికి లాగుతుంది. నిజాంపట్నం లాంటి చోట వాడే మిషన్‌ని గ్రైండర్‌కి దూరంగా, నేల మీద కాకుండా ఎత్తు మీద పెట్టడం, అప్పుడప్పుడు పొడి గాలితో ఊదించడం తప్పదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఊళ్లోనే వైండింగ్ షాపులో చుట్టించేవాళ్లు. ఇన్వర్టర్ బోర్డు పోతే ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. కాబట్టి రెండు వేలు తక్కువ వస్తుందని సర్వీస్ లేని బ్రాండు కొనడం కంటే, దగ్గర్లో రిపేరు చేసేవాళ్లున్నదే మేలు. పాత మిషన్‌ని తూకానికి అమ్మేయకుండా మూలన ఉంచుకున్నవాళ్లని పిచ్చివాళ్లనుకోవక్కర్లేదు.

ఆర్క్ ఎంత నిలకడగా ఉన్నా దాని వెలుగు, పొగ మారవు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే వెల్డింగ్ పొగని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. స్టెయిన్‌లెస్ పొగలో వచ్చే క్రోమియం ఇంకా ప్రమాదకరం. అద్దం లేకుండా 'ఒక్క టాకే కదా' అని కళ్లు మూసుకుని వేస్తే, కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. బంగాళదుంప ముక్కలు పెట్టుకుని పడుకునే బదులు డాక్టర్‌కి చూపించుకోవాలి. 10 లేదా 11 షేడ్ అద్దం, పొగకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడటం, వెనక నుంచి గాలి తగిలేలా చూసుకోవడం.. ఇవి లేకుండా ఏ కొత్త మిషన్ కొన్నా సగం ఖర్చే పెట్టినట్టు.

పని చేయించుకునేవాళ్లు షెడ్డుకి వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడిగితే చాలు. 'ఏ రాడ్డు వేస్తున్నావు అన్నా?', 'ఇది ఏ రకం ఇనుము?'. రెండో ప్రశ్నకి మేస్త్రీ అయస్కాంతం తీసి అంటించి చూశాడంటే మంచి చోటికే వచ్చారన్నమాట. 304, 316 స్టెయిన్‌లెస్‌కి అయస్కాంతం దాదాపు అంటుకోదు. బేరింగుకి, కమాను పట్టీకి, బీడుకి అన్నిటికీ అంటుకుంటుంది. అప్పుడు గ్రైండర్ పెట్టి రవ్వలు చూస్తాడు. కార్బన్ ఎక్కువైతే రవ్వ చివర పువ్వులా చీలుతుంది. బీడు రవ్వ ఎర్రగా, పొట్టిగా రాలుతుంది.